మార్సెయ్‌లో బోణీ

ఆమదాలవలస స్టేషన్ రోడ్డులో బంగారురాజు రంగుల కొట్టు పొద్దున్నే తెరుచుకుంటుంది గానీ, బోణీ అయ్యేదాకా బంగారురాజు నోరు తెరుచుకోదు. ఆ వీధిలో అందరికీ తెలిసిన సంగతే ఇది. గోడలకి రంగులేసే మేస్త్రీలకి తెలుసు, ఎదుటి టీ బడ్డీవాడికి తెలుసు. రైలు దిగి వచ్చిన కొత్తవాళ్ళకే తెలియదు. వాళ్ళు బ్రష్షు ఎంత, డబ్బా ఎంత అని అడిగి, "మళ్ళీ వస్తాం" అంటూ కదిలారంటే చాలు, బంగారురాజు మెట్టు దిగి వాళ్ళ వీపుల మీద కేకలేస్తాడు.

"కొనీ మనిషివైతే అడుగు. నేపోతే ఎండెక్కినాక రా. బోణీ ఏలప్పుడు ధరడిగీసి ఎలిపోతావేటి?"

కొట్టు వెనకే ఇల్లు. రెండింటికీ మధ్య ఒక గుమ్మం, గుమ్మానికి ఒక ఆకుపచ్చ కర్టెను. బంగారురాజు భార్య సూర్యకాంతం విజయనగరం నుంచి కాపురానికి వచ్చిన కొత్తలో ఒక ఉదయం ఆ కర్టెను తొలగించుకుని, కాఫీ గ్లాసు పట్టుకుని కొట్టులోకి వెళ్ళింది. అప్పట్లో కొట్టులో రంగులతోబాటు తాళాలూ అమ్మేవారు; ఒకాయన తాళం కప్ప చేతిలో పెట్టుకుని బేరమాడుతున్నాడు. తలెత్తి ఆమెను చూశాడు. కప్ప బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. లోపలినుంచి అత్తగారు మామూలు గొంతుతోనే, "బోణీ అవ్వకుండా ముందుకి రాకమ్మా," అంది. బంగారురాజు రోడ్డు వైపు చూస్తూ ఉండిపోయాడు. సూర్యకాంతం కాఫీ తిరిగి పట్టుకొచ్చేసింది.

అంతే జరిగింది. అత్తగారు పోయి చాలా కాలమైంది. కొడుకు ప్రదీప్‌కి పెళ్ళయి, వాడూ కొట్టులో కూర్చుంటున్నాడు. సూర్యకాంతం మాత్రం ఆనాటినుంచి ఈనాటిదాకా బోణీ అయ్యేవరకు ఆ కర్టెను దాటలేదు. గల్లాపెట్టె మూత పడిన చప్పుడు వినిపించాకే కాఫీ కలుపుతుంది. నా మొహం చూస్తే బేరం పోతుందని ఈయన నమ్ముతున్నాడా? ఒక్క మాట అడిగితే తేలిపోయేది. అడగలేదు. మొదట భయం వల్ల అడగలేదు, తరువాత కోపం వల్ల, ఆ తరువాత అలవాటు వల్ల. అడగని ప్రశ్న ఇంట్లో బీరువాలాంటిది. కొన్నాళ్ళకి దాన్ని తప్పుకుని నడవడం కాళ్ళకే వచ్చేస్తుంది.

ఆ ఏడాది అమ్మకాలు బాగా చేసినందుకు రంగుల కంపెనీవాళ్ళు కొందరు డీలర్లని, భార్యలతో సహా, విదేశానికి తీసుకెళతామన్నారు. ఫ్రాన్సు దేశంలో సముద్రపు ఒడ్డునున్న మార్సెయ్ అనే ఊరు. శని, ఆది వారాలు ఊరు చూడడం, సోమవారం ఉదయం తిరుగు ప్రయాణం. బంగారురాజు వెళ్ళనంటాడని అందరూ అనుకున్నారు. కానీ డీలర్లందరూ దిగే ఫోటోలో తను లేకపోతే పక్క ఊరి డీలర్లు ఏమనుకుంటారోనని ఒప్పుకున్నాడు.

ఏ రోజు ఏం చూపిస్తారో రాసిన కాగితం చూసినప్పుడు సూర్యకాంతం కళ్ళు ఒకచోట ఆగాయి. ఆదివారం ఎవరి ఇష్టం వారిది. రేవునుంచి దగ్గర్లోని దీవికి పడవలుంటాయి, కావలసినవాళ్ళు వెళ్ళొచ్చు. ఇన్నాళ్ళూ అడగనిది ఆ పడవలో అడుగుదామని అనుకుంది. ఇంట్లో అడిగితే కొట్టులోకి వెళ్ళిపోతాడు. రోడ్డు మీద అడిగితే ఎవరో పలకరిస్తారు. పడవలో లేచి వెళ్ళిపోవడానికి ఆయనకి చోటుండదు. మొహం మంచిది కాదనుకుంటున్నాడని తేలినా సరే, తెలియాలి. తెలిశాక ఏం చేయాలో ఆమె ఆలోచించలేదు. విజయనగరంలో చెల్లెలు ఒక్కతే ఉంటోంది, ఎప్పుడూ రమ్మంటుంది. అది మాత్రం మనసులో ఒక మూల ఉంది.

శనివారం పొద్దున్నే టూరు మేనేజరు నవీన్ అందరినీ బస్సెక్కించి పాత రేవుకి తీసుకొచ్చాడు. హైదరాబాదు కుర్రాడు, హుషారుగా మాట్లాడతాడు. బస్సులో అందరికీ ఆ దేశపు మాటలు నాలుగు నేర్పాడు. నమస్కారం, థాంక్స్, సారీ లాంటివి. బంగారురాజు వాటిలో ఒకటే పట్టుకున్నాడు. 'కొంబియా' అంటే ఎంత అని. బస్సు దిగేదాకా దాన్నే నమిలాడు.

"బావా, కొనీదేటి నేదు గానీ ధర మాత్రం కంఠతా పట్టీసినావు," అన్నాడు కొత్తవలస డీలరు మోహనకృష్ణ. బంధుత్వం లేకపోయినా ఆయనకి బంగారురాజు బావ, సూర్యకాంతం అప్ప.

"ధర తెలిస్తే ఊరు తెలిసినట్టే," అన్నాడు బంగారురాజు.

రేవు మూడు వైపులా ఇళ్ళు, నాలుగో వైపు సముద్రానికి దారి. నీళ్ళనిండా తెల్లటి చిన్న పడవలు. గాలి చీరని నిలవనివ్వడం లేదు. సూర్యకాంతం చీర మీద కోడలి స్వెట్టరు వేసుకుని, బొడ్డు దగ్గర కుచ్చిళ్ళు ఒక చేత్తో గట్టిగా పట్టుకుని నడిచింది. రేవు ఒడ్డున పెద్ద పందిరి ఒకటి ఉంది. దాని కప్పంతా అద్దమే. తలెత్తి చూస్తే జనమంతా తలకిందులుగా వేలాడుతూ కనిపిస్తారు. ఆడవాళ్ళందరూ దాని కింద నిలబడి ఫోన్లు పైకెత్తి ఫోటోలు తీసుకుంటున్నారు. సూర్యకాంతం కూడా తలెత్తింది. ఆమె మొహం కూడా అందరి మొహాలలాగే చిన్నగా, తలకిందులుగా ఉంది. మంచిదో చెడ్డదో అద్దం చెప్పదు.

ఆ పందిరి పక్కనే చేపలమ్మే బల్లలున్నాయి. ఒక పడవ అప్పుడే వచ్చి కట్టింది. నడివయసు ఆడమనిషి రబ్బరు బూట్లేసుకుని, బల్ల మీద నీళ్ళు చల్లి, తొట్టెలోంచి చేపలు తీసి పరుస్తోంది. బంగారురాజు ఇంట్లో చేప మాట కూడా ఎత్తరు. భావనపాడు బీచికి పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు కూడా వలలు ఆరబెట్టిన వైపుకి వెళ్ళనిచ్చేవాడు కాదు. కానీ నోట్లో 'కొంబియా' నానుతోంది. ఎవరి మీదనైనా వాడి చూడాలి. ఆ మనిషి ముందు నిలబడి, ఎర్రగా మెరుస్తున్న చేప వైపు వేలు చూపించి, "కొంబియా?" అన్నాడు.

ఆమెకి అర్థమైంది. మొహం విప్పారింది. ఏదో చెప్పి, చేపని తీసి కాటాలో పెట్టింది. కాగితం కూడా చింపింది. బంగారురాజు తన మాట పారినందుకు పెద్దగా నవ్వి, చెయ్యి ఊపి, వెనక్కి తిరిగాడు.

నాలుగు అడుగులు వేశాక ఆగిపోయాడు. సూర్యకాంతం ఆయన పక్కనే ఉంది, ఆ మొహం చూసింది. వెనక్కి చూశాడు. బల్ల మీద నీళ్ళు ఇంకా ఆరలేదు. కాటాలోంచి చేపని తీసి ఆమె మళ్ళీ బల్ల మీద పెడుతోంది. చింపిన కాగితాన్ని మడత పెడుతోంది. బల్ల దగ్గర కొనేవాళ్ళు ఇంకెవరూ లేరు.

"సూర్యం," అన్నాడు మెల్లగా, "ఆవిడికి ఇంకా బోణీ అవ్వనేదు."

 దేశాలు దాటొచ్చినా ఆ కర్టెను వెంటే వచ్చింది అనుకుంది సూర్యకాంతం.

ఆ తరువాత శనివారమంతా బంగారురాజు ఊరు చూడలేదు. కొండ మీది చర్చికి తీసుకెళ్ళారు. లోపల కప్పునుంచి చిన్న చిన్న ఓడల బొమ్మలు దారాలతో వేలాడుతున్నాయి. సముద్రం మీదినుంచి ప్రాణాలతో తిరిగొచ్చినవాళ్ళు మొక్కు తీర్చుకోవడానికి కట్టినవట. అందరూ ఓడలు చూస్తే, ఆయన బయట పిట్టగోడ దగ్గర నిలబడి కిందికి, రేవు వైపు చూశాడు. అంత ఎత్తునుంచి బల్లలు కనిపించవు. అయినా చూశాడు.

"బావకి ఏటైనాది అప్పా? కళ్ళు తిరుగుతన్నాయేటి?" అన్నాడు మోహనకృష్ణ.

"బోణీ సెడగొట్టీసినారు," అంది సూర్యకాంతం.

"ఎవుల్ది?"

"సేపలావిడిది."

మోహనకృష్ణ కడుపు పట్టుకుని నవ్వాడు. "ఆవిడికి బోణీ అంటే ఏటో తెలుసేటి బావా! ఈ దేశంలో అలాటివుండవు."

"అమ్మకం ఉన్నకాడ బోణీ ఉంటాది," అన్నాడు బంగారురాజు వెనక్కి తిరక్కుండానే.

మధ్యాహ్నం భోజనానికి ముందు నవీన్‌ని బతిమాలి ఒక్కడే రేవుకి పరుగెత్తాడు. బల్లలు ఎత్తేశారు. నేల కడిగేశారు. అమ్ముడుపోయి వెళ్ళిందో, అమ్ముడుపోక వెళ్ళిందో చెప్పేవాళ్ళు లేరు. తిరిగొచ్చి, రొట్టె ముక్క కొరికి పక్కన పెట్టాడు.

సాయంత్రం హోటలు గదిలో సూర్యకాంతం రేపటికి చీర తీస్తూంటే ఆయన మంచం చివర కూర్చుని అన్నాడు.

"రేపు పొద్దున్నే రేవుకెల్తాను. ఆవిడ వచ్చీసరికి నాను అక్కడుండాలి. ఆ సేప కొనీయాలి."

"రేపు పడవ. పొద్దుటి పడవకే ఎల్దామన్నారు కదండీ."

"పడవ ఎక్కడికి పోతాది? మళ్ళీ వస్తాది."

"సేప కొని ఏటి సేస్తారు? తింటారా?"

"తినడానికి కాదు."

"మీ కొట్టుకి నాను అడ్డమొచ్చినానా ఎప్పుడైనా? ఈ రెండు రోజులు కూడా కొట్టేనా?" ఆమె గొంతు పెరిగింది. "ఒక్క పడవ అడిగినాను. ఇన్నేళ్ళలో ఒక్కటి."

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయినట్టు చూశాడు. "ఇది మన కొట్టు కాదు సూర్యం. ఆవిడి కొట్టు."

ఆమె చీర మడత విప్పి మళ్ళీ మడిచింది.  పక్కవాడి బోణీ కోసం తిండి మానేసే మనిషి, కర్టెను వెనక ఇన్నాళ్ళు నిలబడ్డ మనిషిని ఎందుకు చూడలేదు? అడగవలసినది ఇప్పుడే అడిగేద్దామనిపించింది. కానీ కోపంలో అడిగితే కోపానికే జవాబు వస్తుంది, ప్రశ్నకి రాదు. చీర కుర్చీ మీద పెట్టింది.

"నానూ వస్తాను. ఒక్కరూ ఎల్లి మళ్ళీ ఏటి సెడగొడతారో," అంది చివరికి.

ఆదివారం ఉదయం ఇద్దరూ రేవు ఒడ్డున రాతి మీద కూర్చున్నారు. బల్లలు ఇంకా పెట్టలేదు. ఎవరూ లేరు. గాలి ముందురోజుకంటే చల్లగా ఉంది. పడవల తాళ్ళు కర్రలకి కొట్టుకుని టకటకమంటున్నాయి. బంగారురాజు యూరోల నోటొకటి చేతిలో మడిచి పట్టుకున్నాడు. బోణీ ముందు కొట్టులో ఎలా ఉంటాడో అలాగే ఉన్నాడు. వెన్ను నిటారుగా, పెదవులు బిగించి, చూపు దారి మీద పెట్టి. ఆ వేళ ఆయన మొహం ఎలా ఉంటుందో ఆమె మొదటిసారి దగ్గరనుంచి చూస్తోంది. చాలాసేపు చూసింది. కసురుకునే మొహం అనుకునేది ఇన్నాళ్ళూ. పరీక్ష రాసి ఫలితం కోసం నిలబడినవాడి మొహంలా ఉంది.

అప్పుడు ప్రశ్న దానంతటదే వచ్చేసింది. పడవ అక్కర్లేకపోయింది.

"నా మొగం మంచిది కాదా?"

"ఏటి?"

"బోణీకి. నా మొగం ఎదురైతే బేరం పోతాదని మీరనుకుంటారా?"

"ఎవులన్నారు?"

"తాళం కప్ప బేరమాడినాయన. నాను కాఫీ తెచ్చినాను. నన్ను సూసి ఎలిపోనాడు. మీయమ్మ రావొద్దన్నారు. మీరేటీ అననేదు."

ఆయన నుదురు ముడిపడింది. గుర్తు తెచ్చుకుంటున్నాడు. ఆమె ఆ వెతుకులాటని చూస్తూనే ఉంది. ఏమీ దొరకడం లేదని తెలిసిపోయింది.

"ఏ కప్ప?" అన్నాడు.

ఆమె పూర్తిగా ఆయన వైపు తిరిగింది.

"నాను అప్పటినుంచి బోణీ అయ్యీదాకా ముందుకి రానేదు."

"పొద్దున్న నీకు పూజ ఉంటాది, వంటుంటాది అనుకున్నాను," అన్నాడు. చేతిలోని నోటుని ఇంకో మడత పెట్టాడు. "సెప్తే నవ్వుతావు. తలుపు తీసినకాడినుంచీ బోణీ అయ్యీదాకా నాకు బయమే. ఇయాల ఎవులూ రారేమో అనిపిస్తాది. మా నాన్నతో కూసున్న రోజునుంచీ అంతే. ఎంత ఎదిగినా పోనేదు. నువ్వు రాపోతే... నయమే అనుకునీవోడిని. నా మొగం నువ్వు సూడకూడదని."

సూర్యకాంతం సముద్రం వైపు తిరిగింది. తేలికపడాలి కదా అనుకుంది. తేలికపడలేదు. మొహం చెడ్డదన్నా ఇంత ఖాళీగా ఉండేది కాదేమో. లేని గోడకి ఇన్నేళ్ళు ఏటేటా సున్నం వేసుకుంటూ వచ్చింది. ఆ గోడకి అవతల ఈయనా ఇంకో గోడ కట్టుకుని కూర్చున్నాడు. పైగా కప్ప సంగతి గుర్తే లేదు.

"ఒక్కరోజైనా, ఎందుకు రావని అడిగినారా?"

"అడగనేదు."

"నానూ అడగనేదు," అంది ఆమె. ఎవరి తప్పు ఎంతో తూచడానికి చెప్పలేదు. ఉన్న సంగతి చెప్పింది.

పడవ వచ్చింది. నిన్నటి ఆవిడే. బూట్లు, నీళ్ళు, బల్ల, అన్నీ నిన్నటిలాగే. బంగారురాజు గబుక్కున లేచి నమస్కారం పెట్టాడు. ఆమె చిన్నగా నవ్వింది, అందరికీ నవ్వే నవ్వు. ఆయన్ని గుర్తుపట్టలేదు. ఆయన నిన్నటి కాటా వైపు, తన వైపు, వెనక్కి తిరిగి వెళ్ళినట్టు దారి వైపు చెయ్యి చూపించి సైగలు చేశాడు. ఆమె భుజాలు ఎగరేసి, చేపలు పరుచుకుంటూ పోయింది.

"మర్సిపోయినాది," అన్నాడు బంగారురాజు. కొంచెం చిన్నబోయినట్టున్నాడు.

"మర్సిపోతారు," అంది సూర్యకాంతం.

ఆయన చేతిలోని నోటు విప్పాడు. దాన్ని చూశాడు, ఆమెని చూశాడు. "నువ్వు ఇయ్యి," అన్నాడు.

"నానా?"

"నువ్వే. బోణీ నీ సేత్తోనే అవ్వాల."

ఆయన ఇది ప్రేమతో అంటున్నాడా, తప్పు దిద్దుకోవడానికి అంటున్నాడా, ఆమెకి తెలియలేదు. అప్పటికప్పుడు తెలుసుకోవాలనీ అనిపించలేదు. నోటు తీసుకుని బల్ల ముందుకి వెళ్ళింది. పుట్టాక చేపకి ఇంత దగ్గరగా నిలబడలేదు. వాసన ముక్కుకి తగిలింది. ఎర్ర చేపని వేలితో చూపించింది. చేపలావిడ తూచి, కాగితంలో చుట్టి, సంచిలో వేసి అందించింది. నోటు తీసుకుని కళ్ళకి అద్దుకోలేదు, బల్లకి తాకించలేదు. నడుం సంచిలో పడేసి చిల్లర ఇచ్చేసింది. ఆ వెంటనే ఒక ముసలాయన కుక్కతో వచ్చి బల్ల ముందు ఆగాడు. ఆయన వెనక ఇంకో ఇద్దరు.

బంగారురాజు ఊపిరి వదిలాడు. "సూసినావా," అన్నాడు.

"ఆదివారం కదండీ. వస్తారు," అంది ఆమె.

పొద్దుటి పడవ అప్పటికే కదిలిపోయింది. పడవ మీదినుంచి మోహనకృష్ణ చేతులు ఊపుతూ అరిచాడు. "బావా! సంచిలో ఏటది?" గాలికి సగమే వినిపించింది. బంగారురాజు సంచిని వెనక దాచుకోబోయి, అది తన చేతిలో కాక భార్య చేతిలో ఉందని గుర్తొచ్చి ఊరుకున్నాడు.

తరువాతి పడవకి వెళ్ళారు. చేపతోనే వెళ్ళారు. ఎక్కడ పెట్టాలో తెలియలేదు. హోటల్లో పెడితే వాసన, పారేస్తే బోణీ సరుకు పారేసినట్టు. దీవిలో అంతా తెల్లటి రాయి, నీడ లేదు. ఒక రాతి మీద కూర్చుని నీళ్ళు చూశారు. చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ మిగలలేదు. ఎవరికివ్వాలి, ఎలా అడగాలి అని వాళ్ళు వాదులాడుకుంటూంటే తెల్లటి పెద్ద పక్షి ఒకటి వాలి, సంచి చింపి, చేపని లాక్కుపోయింది. బంగారురాజు "హేయ్" అని లేచాడు.

"కూకోండి," అంది సూర్యకాంతం. "దానికీ బోణీ అవ్వాల కదా."

ఆయన నవ్వాడు. ఆ నవ్వు పూర్తయ్యేదాకా ఆమె చూసింది.

ఆమదాలవలస చేరిన మర్నాడు కొట్టు ఎప్పటిలాగే తెరుచుకుంది. వంటింట్లో కాఫీ కలిపి, గ్లాసు పట్టుకుని, సూర్యకాంతం కర్టెను దగ్గర ఆగింది. గల్లాపెట్టె చప్పుడు ఇంకా వినిపించలేదు. కాళ్ళు అలవాటు కొద్దీ ఆగాయి. వాటికి సంగతి తెలియడానికి సమయం పడుతుంది. కర్టెను తొలగించుకుని ముందుకి వెళ్ళింది.

బంగారురాజు గ్లాసు అందుకున్నాడు. ఆమె రంగు డబ్బాల పక్కనున్న స్టూలు మీద కూర్చుంది. రోడ్డు ఈ వేళప్పుడు ఇలా ఉంటుందన్నమాట. స్టేషన్ వైపునుంచి సంచులు పట్టుకుని జనం వస్తున్నారు. ఒకతను మెట్టెక్కి, బాత్‌రూమ్ తలుపుకి రంగు కావాలన్నాడు. డబ్బా తిప్పి చూశాడు. ధర అడిగాడు. ఆమె వైపు ఒకసారి చూశాడు. డబ్బా బల్ల మీద పెట్టి, "మళ్ళీ వస్తాను," అని దిగి వెళ్ళిపోయాడు.

సూర్యకాంతం రెండు చేతులూ ఒళ్ళో గట్టిగా పట్టుకుంది. లేవలేదు. ఎదుటి టీ బడ్డీవాడు కేక కోసం చెవులు రిక్కించి ఇటే చూస్తున్నాడు.

బంగారురాజు వెళ్ళినవాడి వీపు వైపు చూశాడు. దవడ ఒకసారి బిగిసింది. తరువాత గ్లాసెత్తి ఒక గుక్క తాగాడు.

"పంచదార తక్కువైనాది," అన్నాడు ఆమెతో.

"రేపు ఇంకొంచెం ఏస్తాను," అంది ఆమె, స్టూలు మీదే కూర్చుని.